ఆ నీళ్లు మోసిందెవరు?

మా అమ్మ ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్లు తాగడం తగ్గించేస్తుంది. పొద్దున కాఫీ కూడా సగం గ్లాసే. డెబ్భై రెండేళ్ల మనిషి, రోజూ బీపీ మాత్ర వేసుకునే మనిషి, నాలుక పిడచకట్టుకుపోతున్నా గొంతు తడుపుకోదు. "ఇప్పుడు తాగితే దార్లో ఎక్కడాపుతారే?" అంటుంది. ఈ మాట మీరూ వినే వుంటారు. అనీ వుంటారు. నేనూ ముప్ఫై ఏళ్లుగా అనుకుంటూనే వున్నాను, కాకపోతే పైకి అనను.

సంక్రాంతి వెళ్లిన పది రోజులకి అమ్మా, నేనూ, నా స్నేహితురాలూ కారేసుకుని హైదరాబాదు నుంచి రాజమండ్రి బయల్దేరాం. కారు నడిపింది స్నేహితురాలు. "కనీసం డ్రైవరైనా లేడా?" అని మా అన్నయ్య ఫోన్లో మూడుసార్లు అడిగాడు. స్టీరింగు ముందు కూచున్న మనిషి డ్రైవరు కాదా అని నేనడిగితే "నీతో మాట్లాడలేం" అని పెట్టేశాడు.

ప్రయాణం ఎందుకంటే, ఊరికే. అమ్మకి గోదావరి చూడాలని వుంది. ఆవిడ పుట్టింది కృష్ణాజిల్లాలో, బతుకంతా గడిచింది హైదరాబాదులో. నాన్న వున్నన్నాళ్లూ రాజమండ్రి మీదుగా రైల్లో వెళ్లడమే గానీ దిగింది లేదు. బ్రిడ్జి మీదికి రాగానే కిటికీలోంచి పావలా విసిరి దణ్ణం పెట్టుకోవడంతో సరి. నాన్న పోయి ఆరేళ్లయింది. ఒక్కసారి దిగి చూద్దామే అంది. అంతే.

విజయవాడ దాటాక కొత్త రోడ్డు వదిలేసి తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా పాత దారిలో వెళ్లాం. ఆ దారి అందం గురించి నేను రాయను. ఇప్పటికే చాలామంది మగవాళ్లు రాసేశారు. కొబ్బరిచెట్లూ, కాలవలూ, పచ్చటి చేలూ, తడిజుట్టుతో రేవులో కూచున్న గోదారి అమ్మాయీ. ఆ అమ్మాయిని చూసిన ప్రతి రచయితకీ, ప్రతి సినిమా దర్శకుడికీ కవిత్వం వచ్చింది. ఆ తడిచీర ఎక్కడ మార్చుకుంటుందన్న అనుమానం మాత్రం ఒక్కరికీ వచ్చినట్టు లేదు.

దార్లో మూడుచోట్ల ఆగాం. ఒక పెట్రోలు బంకులో ఆడవాళ్ల గదికి తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఒక హోటల్లో గది వుంది, గడియ లేదు. నేను బైట తలుపు పట్టుకుని నించుంటే అమ్మ వెళ్లింది, అమ్మ పట్టుకుంటే నేను వెళ్లాను. మూడోచోట బాగానే వుంది, ఆ మాట కూడా చెప్పాలి కదా. ఈ లోపల రోడ్డు పక్కన మగవాళ్లు చెట్టుకొకరు చొప్పున నించుని కనిపిస్తూనే వున్నారు. వాళ్లకి ఊరంతా మరుగుదొడ్డే, దేశమంతా మరుగుదొడ్డే. డెల్టా నిండా నీళ్లు. కాలవలో నీళ్లు, చేలో నీళ్లు, చెరువులో నీళ్లు. మా కార్లో మాత్రం మూత తియ్యని నీళ్ల సీసా.

ఇక లాడ్జి. ఊళ్లో మొదట వెళ్లినచోట కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే వున్నాడు. మూడు ఆధార్ కార్డులూ తిప్పి తిప్పి చూసి, మా వెనక్కి, ద్వారం వైపుకి చూశాడు. "మగాళ్లెవరూ రాలేదాండీ?" లేదన్నాం. "ఏం పని మీదొచ్చారండీ?" ఊరు చూద్దామని వచ్చామన్నాం. ఆ జవాబు అతనికి పనికిరాలేదు. లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడొచ్చి, "ఫ్యామిలీస్‌కే ఇస్తామండీ" అన్నాడు. "మేం ఫ్యామిలీ కామా నాయనా?" అంది మా అమ్మ. నిజంగానే అడిగింది, వెటకారం కాదు. అతను తల దించుకున్నాడు.

రెండోచోట నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకెళ్లి, "మా ఆయన తద్దినం పెట్టుకోడానికొచ్చాం బాబూ" అంది. రెండు నిమిషాల్లో గది తాళం చేతికొచ్చింది. పైగా "రేవు దగ్గిర మాకు తెలిసిన బ్రాహ్మలున్నారండీ, పంపమంటారా?" అని సాయం కూడా. మెట్లెక్కుతూ నేను కోప్పడ్డాను. అబద్ధమెందుకమ్మా అని. "నిజం చెబితే గది రాలేదుగా" అంది అమ్మ.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. నది చూడాలన్న కోరిక ఒక ఆడమనిషికి సరైన కారణం కాదు. చచ్చిపోయిన మొగుడు సరైన కారణం. బతికున్న మగవాడు పక్కన లేకపోయినా, పోయినవాడి పేరు చెబితే చాలు. ఇదే ఊళ్లో, 1881 డిసెంబరు 11న, తెలుగునాట తొలి వితంతు వివాహం జరిగింది. ఆ ఊరికి మేం వచ్చిందీ, ఆ ఊరు మాకు తలుపు తీసిందీ ఇలా.

మర్నాడు పొద్దున్నే కందుకూరి వారి ఇంటికి వెళ్లాం. పాత రాజమండ్రి సందుల్లో వుంది. ఇప్పుడు స్మారకంగా వుంచారు. అమ్మ గుమ్మం ముందు చెప్పులు విడిచింది, గుడికెళ్లినట్టు. నేనేమీ అనలేదు. ఆవిడకి వీరేశలింగం అంటే పాఠం కాదు. మా అమ్మమ్మ మేనత్త ఒకావిడ ఎనిమిదో ఏట విధవైంది. తొంభై ఏళ్లు బతికింది. ఆవిడ అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అందరూ "అత్తమ్మే". ఆవిడ చేతి ఆవకాయ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, పేరు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అమ్మకి ఆ ఇంట్లో నిలబడితే ఆవిడే గుర్తొచ్చి వుంటుంది.

నేను చదువుకున్నదాన్ని కనక నా అలవాటు చొప్పున వివరించడం మొదలుపెట్టాను. 1874లో "వివేకవర్ధని" పెట్టారు, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, 1883లో ఆడవాళ్ల కోసం "సతీహితబోధిని" తెచ్చారు. పెళ్లి జరిపించినందుకు వెలివేశారు, కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు, కాలేజీ విద్యార్థులు కాపలా కాశారు... అమ్మ అంతా విని, చుట్టూ చూసి, "వంటెవరు చేశారే?" అంది.

నాకు అర్థం కాలేదు.

"పెళ్లన్నావుగా. వెలేశారన్నావు. వెలేస్తే వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు. పెళ్లికి జనం వస్తారాయె. వంటెవరు చేశారు?"

నలభై ఏళ్లుగా నేను చదువుతున్నాను. సంఘసంస్కరణ ఉద్యమం మీద సెమినార్లలో కూచున్నాను. జవాబు నాకు తెలుసు కూడా. కానీ ఆ ప్రశ్న నాకై నాకు ఎప్పుడూ రాలేదు.

చేసింది రాజ్యలక్ష్మమ్మ. వంటవాళ్లు పనిమానేస్తే, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే, గోదావరికెళ్లి తనే బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, తనే వండి, వచ్చిన వాళ్లకి పెట్టింది. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో పెళ్లి, ఇద్దరూ పిల్లలే, ఆయనకి పదమూడేళ్లు. అత్తవారింట్లో రాజ్యలక్ష్మి అయింది. పేరు కూడా తనది కాదన్నమాట. ఈ వితంతు వివాహాల గొడవలో అయినవాళ్లు ఆవిడకి కబుర్లు పంపారు, ఆయన్ని వదిలేసి వచ్చెయ్యమని, రాకపోతే మా గడప తొక్కొద్దని. ఆవిడ వెళ్లలేదు. పెళ్లిళ్లయిన ఆడపిల్లల పురుళ్లూ, పెళ్లి కాకుండా వచ్చి చేరిన వితంతువుల బాగోగులూ, రోగాలూ, అలకలూ, ఏడుపులూ... ఇవన్నీ పత్రిక నడపడం లాంటి పనులు కావు. వీటికి తేదీలుండవు. 1910లో పోయింది ఆవిడ.

న్యాయంగా ఒక మాట. రాజమండ్రిలో ఆవిడ పేరు మీద ఆడపిల్లల కాలేజీ వుంది. ఆవిడ నీళ్లు మోసిన సంగతి వీరేశలింగం గారు దాచలేదు, చెప్పారు. దాచింది మనం. ఆయన తర్వాతి వాళ్లం. ఆయన గొప్పతనం మీద నాకు పేచీ లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో నిలబడి ఆ పని చెయ్యడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నా పేచీ కథ చెప్పే పద్ధతితో. "వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించెను." మన పిల్లలందరూ బట్టీపట్టే వాక్యం ఇది. వ్యాకరణం చూడండి. కర్త ఆయన. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్లికూతురు గౌరమ్మ, ఇద్దరూ కర్మలు. ముఖ్యంగా గౌరమ్మ. ఊరంతా కత్తులు నూరుతుంటే పీటల మీద కూచున్న పిల్ల ఆమె. మర్నాటి నుంచి ఊళ్లో తలెత్తుకు తిరగాల్సిందీ, తిట్లు తినాల్సిందీ ఆమె. అంత తెగువ చూపించిన పిల్లకి మన వాక్యంలో దక్కింది "వివాహము చేయబడిన" చోటు. రాజ్యలక్ష్మమ్మకైతే వాక్యంలోనే చోటు లేదు. సంస్కరణ అంటే ఒక మహానుభావుడు ఆడవాళ్లకి ఇచ్చిన వరం అయిపోయింది. వరం ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాళ్లు భక్తులు. నీళ్ల బిందె మోసిన మనిషి అందులో ఎక్కడ ఇముడుతుంది?

అమ్మ అక్కణ్ణించి రేవుదాకా నడుద్దామంది. ఆటో ఎక్కుదామమ్మా, మోకాళ్లు నొప్పెడతాయి అన్నాను. "ఆవిడ బిందె పట్టుకుని నడిచిందిగా" అంది. నడిచాం. మధ్యలో రెండు అరుగుల మీద కూచుంది. నీళ్లు తాగమంటే తాగలేదు.

గట్టు మీద సాయంత్రం నిజంగానే బాగుంటుంది. హేవలాక్ వంతెన పాతబడి పక్కన నిలబడిపోయింది. 1897లో కట్టడం మొదలుపెట్టారు, 1997లో రైళ్లు ఆగిపోయాయి. దాని పక్కన 1974 నాటి రోడ్డు-కం-రైలు వంతెన, ఆవల ఆర్చీల వంతెన. గట్టున విగ్రహాలున్నాయి, బోర్డులున్నాయి. రాజరాజనరేంద్రుడు, నన్నయ, కాటన్ దొర, కందుకూరి. మేం నడిచినంత మేరా అదే వరస. ఊరి పేరే ఒక రాజుగారిది. 2015లో ఆ పేరుని ఇంకా పొడుగ్గా రాజమహేంద్రవరం అని మార్చారు. నదికి మాత్రం ఆడపేరు. ఇంతమంది తండ్రుల మధ్య ఆవిడొక్కతే తల్లి. అందుకేనేమో రోజూ సాయంత్రం హారతులిస్తున్నారు.

ఈ హారతుల సంగతి చెప్పాలి. మైకులో పాటలు, వరసగా నిలబడ్డ మగ అర్చకులు, మెట్ల నిండా కూచున్న ఆడవాళ్లు. తల్లీ తల్లీ అని పిలుపులు. దొప్పలో దీపాలూ, పసుపు కుంకుమ పొట్లాలూ అమ్మే ఒకామె మా దగ్గరికొచ్చింది. మా ముగ్గురి మొహాలూ చూసింది. అమ్మ నుదుటి మీద బొట్టు లేదు. నాన్న పోయాక మేమెంత చెప్పినా పెట్టుకోలేదు. ఆమె ఒక పొట్లం నాకిచ్చింది, ఒకటి నా స్నేహితురాలికిచ్చింది. అమ్మని దాటి వెళ్లింది. ఆమె తప్పేం లేదు. రోజంతా ఎండలో తిరిగి పది రూపాయల పొట్లం అమ్ముకునే మనిషి. ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో ఊరు ఆమెకి నేర్పింది. నా స్నేహితురాలికి పెళ్లే కాలేదు, పుణ్యస్త్రీ ఎలా అయిందో ఆ గోదారి తల్లికే తెలియాలి. నేను నా పొట్లం అమ్మ చేతిలో పెట్టబోతే అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎందుకే గొడవ" అంది.

వీరేశలింగం ఊరు.

మెట్ల కింద తడిబట్టలతో ఆడవాళ్లు. ఒకామె దుప్పటి అడ్డం పట్టుకుంటే ఇంకొకామె చీర మార్చుకుంటోంది, ఆ తర్వాత వంతులు మారాయి. అడ్డం పట్టుకున్న వాళ్లకి అటూ ఇటూ మగవాళ్లు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. నది ఫొటోలే అనుకుందాం. ఒక రేవులో బట్టలు మార్చుకునే గది వుంది, దానికి తలుపు లేదు. ఇంకో రేవులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం. పక్కన మగవాళ్లది తెరిచే వుంది. తాళం ఎందుకు వేశారని అక్కడున్న పెద్దాయన్ని అడిగితే, "ఆడోళ్లది పాడుచేసేత్తారండీ, అందుకని ఏసేత్తామండీ" అన్నాడు. ఎవరు పాడుచేస్తారు, ఎవరికి తాళం పడుతుంది చూడండి. రాత్రిళ్లు ఆడవాళ్లు తిరక్కూడదన్న న్యాయం ఇదే కదా.

ఈ రేవుల్లోనే, 2015 జులై 14న, పుష్కరాల మొదటిరోజు, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ వార్త చదివినప్పుడు మా చుట్టాల్లో ఒకాయన, "ముసలాళ్లందరూ ఎందుకెళ్లాలసలు?" అన్నాడు. ఎందుకెళ్లారో నేను చెప్తాను. జీవితంలో ఇల్లు దాటి రావడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేని కారణం వాళ్లకి అదొక్కటే దొరికింది. మా అమ్మకి తద్దినం దొరికినట్టే. పన్నెండేళ్లకోసారి ఊరు దాటొచ్చు. తోటివాళ్లతో బస్సెక్కొచ్చు, రాత్రి గట్టు మీద పడుకుని కబుర్లు చెప్పుకోవచ్చు. దాన్ని మూఢభక్తి అని తీసిపారెయ్యడం మనలాంటి వాళ్లకి చాలా తేలిక. నేను కూడా తీసిపారేసినదాన్నే. మా అమ్మతో మూడురోజులు తిరిగాక ఆ మాట అనలేకపోతున్నాను. చీర తడుస్తుంది, పడితే లేవలేం, మగవాళ్లు తోసుకుపోతారు. ఇవన్నీ తెలిసే వస్తారు. వచ్చేవాళ్లలో సగానికి పైగా ఎవరో, వాళ్లకి ఏం కావాలో ఏర్పాట్లు చేసేవాళ్లకి ముందే తెలుసు. బారికేడ్లు కొలిచేటప్పుడు మాత్రం కొలతబద్ద మగవాడి ఒళ్లే.

మూడోరోజు ద్రాక్షారామం వెళ్దామని రాజానగరం నుంచి పెద్దాపురం, సామర్లకోట మీదుగా దారి పట్టాం. పెద్దాపురం బోర్డు కనిపించగానే మా ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది, ముగ్గురం మాట్లాడలేదు. పెద్దాపురం అంటే మన సినిమాల్లో మగవాళ్లు నవ్వే నవ్వు మీకు తెలుసు. ఒక ఊరి పేరు ఉచ్చరిస్తే చాలు, హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు వెనక వున్న ఆడవాళ్లెవరు? కళావంతులు. పెద్దాపురం, మురమండ, ముమ్మిడివరం, ఈ డెల్టా అంతటా వాళ్ల మేళాలుండేవి. పదాలు, జావళీలు, సంగీతం, సంస్కృతం, అభినయం. ఇంట్లో కూచున్న కులస్త్రీలకి అక్షరం ముక్క నిషేధమైన రోజుల్లో చదువుకున్న ఆడవాళ్లు వాళ్లే. ద్రాక్షారామం గుడిలో శాసనాలు చూడండి, దానాలిచ్చిన వాళ్లలో గుడిసానులున్నారు. తమ సొమ్ము తాము దానమిచ్చి, తమ పేరు రాతి మీద చెక్కించుకున్న ఆడవాళ్లు. మా అత్తమ్మకి లేనిది అదే కదా, పేరు.

ఇక్కడ సంస్కరణ రెండో మొహం చూడాలి. వితంతువు కోసం నిలబడ్డ కలమే సానుల మేళాల మీద విరుచుకుపడింది. ముద్దుపళని కవిత్వాన్ని ఈసడించింది కూడా ఆ కలమే. నిజమే, ఆ వ్యవస్థలో పిల్లల్ని అప్పగించడం వుంది, జమీందార్ల పెత్తనం వుంది. దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ 1947లో దేవదాసీ చట్టం వచ్చి, 1956 సవరణతో మేళాల నాట్యం కూడా నేరమైపోయాక ఏమైంది? ఆట పోయింది, పాట పోయింది, మాన్యాలు చేజారాయి. అదే పదాభినయం పట్నాల్లో మర్యాదస్తుల వేదికలెక్కింది. వాళ్లింటికి రాత్రిళ్లు వచ్చిపోయిన మగవాళ్ల మర్యాదకి మాత్రం ఏ చట్టమూ అడ్డం రాలేదు. వాళ్ల మనవలు ఇప్పుడు సినిమా హాల్లో నవ్వుతున్నారు.

1921లో కాకినాడకి గాంధీ వచ్చినప్పుడు దేవదాసీలనీ, ఘోషాలో వుండే ముస్లిం స్త్రీలనీ ఆయన ఎదట కూచోబెట్టాలని పట్టుబట్టింది పన్నెండేళ్ల పిల్ల. ఆ పిల్ల పుట్టింది రాజమండ్రిలో. దుర్గాబాయి. ఐదువేల రూపాయలు పోగుచేస్తేనే ఆయన వస్తారంటే, ఆ డబ్బు ఇచ్చింది ఆ దేవదాసీలే. ఈ కథ చెప్పేటప్పుడు కూడా మనం గాంధీనీ, దుర్గాబాయినీ తలుచుకుంటాం. డబ్బిచ్చిన వాళ్లు "దేవదాసీలు" అన్న బహువచనంలో కరిగిపోతారు.

ద్రాక్షారామంలో గుడి మెట్ల మీద కూచుని అమ్మకి దువ్వూరి సుబ్బమ్మ గురించి చెప్పాను. ఈ ఊళ్లోనే పుట్టింది. చిన్నప్పుడే మొగుడు పోయాడు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడింది. 1922లో ఏడాది జైలుశిక్ష వేశారు. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నా చెప్పలేదు. అమ్మ ఆసక్తిగా విని, "ఆవిణ్ణి ఇంట్లోవాళ్లు వెళ్లనిచ్చారా?" అంది. వెళ్లనివ్వడం, వెళ్లకపోవడం... మా అమ్మకి చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగుతుంది. తప్పా?

ఇదంతా ఒక మిత్రుడితో చెబితే, "విహారయాత్రకెళ్లి కూడా మీ స్త్రీవాదం వదలరా? మరుగుదొడ్డికీ, కందుకూరి చరిత్రకీ సంబంధం ఏంటి?" అని నవ్వాడు. చాలా వుంది. ఆడవాళ్లు చరిత్ర చేసిన వాళ్లని అనుకున్న ఊరు, వాళ్లు నడుస్తారనీ, ఆగుతారనీ, వాళ్లకీ ఒళ్లుంటుందనీ కూడా అనుకుంటుంది. వాళ్లు వరాలు పుచ్చుకునేవాళ్లే అనుకున్న ఊరు హారతిచ్చి, చీర పెట్టి, తాళం వేస్తుంది. ఉద్దేశపూర్వకంగా ఎవరూ చెయ్యరు. తట్టదు, అంతే. మాకు ఆ తట్టకపోవడం చాలా ఖరీదు. మూత్రాశయ వ్యాధులతో డాక్టర్ల చుట్టూ తిరిగే మా వయసు ఆడవాళ్లని అడగండి, నీళ్లు తాగడం ఎప్పుడు మానేశారో చెప్తారు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. రోడ్లు వేస్తారు, దీపాలు పెడతారు, ఇంకొన్ని విగ్రహాలు కూడా లేపుతారేమో. నాకు విగ్రహం అక్కర్లేదు. ప్రతి రేవులోనూ లోపలి గడియ వున్న తలుపులు కావాలి. తాళం వెయ్యని మరుగుదొడ్లు కావాలి, వాటిలో నీళ్లు కావాలి, వాటిని కడిగే మనిషికి సరైన జీతం కావాలి. కడిగేదీ మళ్లీ ఆడమనిషే కనక ఆ మాట వదలను. ఆడవాళ్లు ఒంటరిగానో, ముగ్గురు కలిసో వస్తే గది ఇవ్వనన్న లాడ్జి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఒక నంబరు కావాలి. జనాన్ని ఎలా నడిపించాలో నిర్ణయించే బల్ల చుట్టూ, 2015లో ఆ మెట్ల మీద ప్రాణాలతో బైటపడ్డ ఆడవాళ్లు కూడా కూచోవాలి. ఇక ఆ రేవులో ఒక బోర్డు. ఇక్కణ్ణించి ఫలానా సంవత్సరంలో ఫలానా ఆవిడ నీళ్లు మోసుకెళ్లింది అని రెండు వాక్యాలు. కర్త స్థానంలో ఆవిడ పేరుతో. కుదిరితే ఆవిడ పుట్టింటి పేరు కూడా.

తిరుగు ప్రయాణంలో అదే పెట్రోలు బంకు. అదే తాళం. ఈసారి అమ్మ కారు దిగి, ఆఫీసు గది ముందు స్టూలు మీద కూచుంది. "తాళం చెవి తెచ్చేదాకా నేనిక్కడే వుంటాను నాయనా, తొందరేం లేదు" అంది. వాళ్లు చెవి ఎవరి దగ్గరుందో తెలీదన్నారు. "కనుక్కో" అంది. పదిహేను నిమిషాలకి చెవి దొరికింది.

మొన్న ఫోన్లో అడిగాను, పుష్కరాలకి మళ్లీ వెళ్దామా అని. వెళ్దాం గానీ, ముందు ఆ తాళాల సంగతి రాయి, అంది.